ఎదురొచ్చే ఎలుగు, ఆగాల్సిన బాణం

ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర పొద్దున్నే సందడి మొదలవుతుంది. స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ పడవల కోసం సంచులు పట్టుకుని నిలబడ్డ జనంలో బెంగాలీ, తమిళం, హిందీతో పాటు శ్రీకాకుళం, విశాఖ యాస తెలుగు కూడా వినిపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా గలవారు 13 శాతం పైనే. పోర్ట్‌బ్లెయిర్‌లోని ఈ ఫీనిక్స్ బే పేటలోనే ఆంత్రోపాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా మ్యూజియం ఉంది. 2024లో ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది గానీ, పేట పేరు మాత్రం మారలేదు. అండమానీలు, ఓంగీలు, జారవాలు, సెంటినలీల జీవితం గురించి తెలుసుకోవాలనుకునేవారు మొదట వెళ్లేది ఆ మ్యూజియానికే. ఆ తెగల జీవితానికి ఆధారం విల్లు.

గ్రేట్ అండమానీలు పందుల వేటకు వాడిన బాణాన్ని కాస్త పరీక్షగా చూడాలి. దాని ములికి కర్రకు గట్టిగా బిగించి ఉండదు. కర్ర చివరి గూట్లో వదులుగా కూర్చుని ఉంటుంది. పేనిన నారతాడు ఒకటి ములికిని, కర్రను కలుపుతుంది. బాణం తగలగానే ములికి పంది ఒంట్లో ఉండిపోతుంది, కర్ర ఊడి తాడుకు వేలాడుతుంది. పంది పరుగెత్తే కొద్దీ ఆ కర్ర వెనకాల ఈడ్చుకుంటూ పోయి ఏ పొదకో, ఏ వేరుకో అడ్డం పడుతుంది. అక్కడితో పంది ఆగిపోతుంది. వేటగాడు వెళ్లి పని ముగిస్తాడు. 19వ శతాబ్దంలో బ్రిటిష్ అధికారి ఇ.హెచ్. మాన్, 1906-08 మధ్య ఇక్కడ పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అండమానీల ఆయుధాల గురించి వివరంగా రాశారు. ఈ తెగలు బాణాలకు విషం పూయవు. ములికి కోసిన కోతతోనే జంతువు పడాలి. పడకపోతే, అది పారిపోయి ఎక్కడో పొదల్లో చావకుండా తాడు అడ్డుకోవాలి.

గాయపడ్డ జంతువు ఏమవుతుంది? ఈ ప్రశ్నకు ఆ బాణం చేసిన మనిషి చేతిపనితోనే జవాబు చెప్పాడు. విల్లుతో వేటాడే ప్రతి చోటా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. ఇప్పుడది అన్నిటికన్నా గట్టిగా ఎదురయ్యేది ఉత్తర అమెరికా అడవుల్లో. అక్కడ కొందరు వేటగాళ్లు నల్ల ఎలుగుబంటిని ఈలతో దగ్గరికి పిలిచి, బాణంతో కొడతారు.

పిల్ల జింక అరుపు

అండమాన్ అడవుల్లో ఎలుగు లేదు. పులి, చిరుత కూడా లేవు. నేలమీద తిరిగే దేశీ జంతువుల్లో అడవి పందే పెద్దది. మన తెలుగు నేల మీద ఉన్నది మరో జాతి ఎలుగు. అది ఎక్కువగా చెదలు, చీమలు, పండ్లు, తేనె తిని బతుకుతుంది. అమెరికా నల్ల ఎలుగు తిండిలోనూ గడ్డి, కాయలు, పండ్లదే పెద్ద వాటా. అయితే వసంతం చివర, వేసవి మొదట్లో జింకలు ఈనే రోజుల్లో అది పసి జింకల కోసం వెతుకుతుంది. ఆపదలో ఉన్న పిల్ల జింక అరుపు వినిపిస్తే చాలాసార్లు అటే నడుస్తుంది. ఆ అరుపును, లేదా చిక్కుబడ్డ కుందేలు కీచును అనుకరించే నోటి ఈలనే ప్రిడేటర్ కాల్ అంటారు.

ఈ విద్య కొత్తదేమీ కాదు. 1911 ఆగస్టులో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ ఊళ్లోకి ఆకలితో నడిచొచ్చిన ఒక మనిషికి తర్వాత 'ఈషీ' అనే పేరు స్థిరపడింది. యాహీ తెగలో అందరూ పోగా ఆయన ఒక్కడే మిగిలాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయనకు వైద్యం చేసిన డాక్టర్ శాక్స్‌టన్ పోప్ ఆయన దగ్గరే విల్లు పట్టడం నేర్చుకున్నాడు. ఈషీ పెదవులకు వేళ్లు ఆనించి గాలి పీలుస్తూ కుందేలు బాధతో అరిచినట్టు శబ్దం చేసేవాడు. దానికి కుందేళ్లే కాదు, వాటిని తినే అడవి పిల్లి కూడా వచ్చేదని పోప్ రాశాడు. 1916లో ఈషీ క్షయతో చనిపోయాడు. పోప్ 1923లో ప్రచురించిన విలువేట పుస్తకం అమెరికాలో ఈ వేటకు కొత్త ఊపిరి పోసింది. ఆయన పేరు, ఆయన తోటి విలుకాడు ఆర్థర్ యంగ్ పేరు కలిపి 1961లో ఏర్పడ్డ 'పోప్ అండ్ యంగ్ క్లబ్' ఈనాటికీ విలువేట నియమాల విషయంలో పెద్దరికం వహిస్తోంది. శబ్దాన్ని యంత్రంతో వినిపించి పిలిచిన జంతువును ఆ క్లబ్ తన రికార్డుల్లో చేర్చదు.

చట్టాలు మారడం కూడా ఈలకు ప్రాధాన్యం తెచ్చింది. కొలరాడో ఓటర్లు 1992లో వసంతకాలపు ఎలుగు వేటను, ఎర పెట్టి కొట్టడాన్ని, కుక్కలతో తరమడాన్ని ఆపేశారు. తల్లి ఎలుగు చస్తే చెట్టు మీద పిల్లలు అనాథలవుతాయన్నదే ఆనాటి ప్రధాన వాదన. ఒరెగాన్ 1994లో, వాషింగ్టన్ రాష్ట్రం 1996లో ఎరను, వేటకుక్కలను నిషేధించాయి. అరిజోనాలోనూ తిండి ఎరవేయడం చెల్లదు. ఇలాంటి చోట్ల వేటగాళ్లు ఎక్కువగా పట్టేవి రెండు దారులు. దుర్భిణీతో కొండలు గాలించి మెల్లగా దగ్గరికి పాకడం ఒకటి, ఈలతో పిలవడం రెండోది.

ఎదురుగా వచ్చినప్పుడే చిక్కు

ఎర దగ్గర తింటున్న ఎలుగు నింపాదిగా ఉంటుంది, అటూ ఇటూ తిరుగుతుంది, ఏదో ఒక క్షణాన పక్కవాటుగా నిలబడుతుంది. ఈలకు వచ్చే ఎలుగు తీరు వేరు. అరుపు ఎక్కడ పుట్టిందో సరిగ్గా ఆ చోటుకే చెవులు రిక్కించి, ముక్కు ఎత్తి, నేరుగా నడిచొస్తుంది. తల ముందు, దాని వెనక మెడ, రెండు జబ్బలు. విలుకాడికి కనిపించేది అంతే.

బాణం తూటాలాంటిది కాదు. తూటా వేగంతో ఎముక పగలగొడుతుంది, చుట్టూ ఉన్న కండరాన్నీ నలిపేస్తుంది. బాణం కోస్తుంది. పదునైన అంచులు ఊపిరితిత్తుల్లోంచి దూసుకుపోతే నెత్తురు పోయి జంతువు కొద్ది సెకన్లలో స్పృహ తప్పుతుంది. అవి తప్పి జబ్బ ఎముకకు తగిలితే బాణం లోపలికి దిగదు. పొట్టలోకి దిగితే ఆ జంతువు గంటల తరబడి బాధపడుతూ చస్తుంది. అందుకే ఊపిరితిత్తులు, గుండె ఉన్న భాగం తప్ప మరెక్కడా గురి పెట్టకూడదని విలువేట బోధించేవాళ్లు చెబుతారు. పక్కనుంచి చూసినప్పుడు ఆ భాగం ఒక టిఫిన్ ప్లేటు అంత ఉంటుంది. ఎదుటి నుంచి చూస్తే రొమ్ము ఎముకకు, జబ్బలకు మధ్య సన్నని సందు మాత్రమే మిగులుతుంది. తల వంచితే ఆ సందు కూడా మూసుకుపోతుంది. ఎలుగు పుర్రె ఏటవాలుగా ఉంటుంది కాబట్టి తలకు కొట్టిన బాణం జారిపోవచ్చు. కనుక ఎదురుగా వస్తున్న ఎలుగు పది గజాల్లో ఉన్నా బాణం ఆగాలి.

పక్కవాటుగా నిలబడ్డప్పుడు, లేదా కొంచెం అటు తిరిగి ఏటవాలుగా ఉన్నప్పుడు కొట్టాలి. విలుకాడి వైపున్న ముందుకాలు ముందుకు వేసి ఉంటే మరీ మంచిది. అప్పుడు జబ్బ పక్కకు తప్పుకుని పక్కటెముకలు తేటగా కనిపిస్తాయి. జింకను కొట్టడం అలవాటైన వేటగాళ్లు జబ్బ వెనకే, దాన్ని ఆనుకుని గురి పెడతారు. ఎలుగు విషయంలో అనుభవజ్ఞులు ఇచ్చే సలహా వేరు: నిలువులోనూ నడుమే, అడ్డంలోనూ నడుమే. ఒత్తుగా వేలాడే బొచ్చు వల్ల ఎలుగు ఒళ్లు ఉన్నదానికన్నా కిందికి కనిపిస్తుంది. బొచ్చును చూసి గురి పెడితే బాణం గుండె కిందనుంచి పోతుంది.

ఆ బొచ్చు మరో ఇబ్బందీ తెస్తుంది. శీతాకాలానికి ముందు ఎలుగు ఒంట్లో కొవ్వు మందంగా పేరుకుంటుంది. పైభాగాన తగిలిన గాయాన్ని కొవ్వు మూసేస్తుంది, కారిన నెత్తురును బొచ్చు పీల్చేసుకుంటుంది. నేల మీద చుక్క పడకుండానే ఎలుగు వంద గజాలు పోగలదు. అందుకే బాణం ఒక పక్క దూరి రెండో పక్క బయటికి రావాలని కోరుకుంటారు. కింది వైపు రంధ్రం ఉంటే జాడ దొరుకుతుంది. పెద్ద జంతువుల వేటకు కొలరాడో చట్టం విల్లు లాగుడు బరువు కనీసం 35 పౌండ్లు ఉండాలని, ములికి వెడల్పు అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులకు తగ్గకూడదని, దానికి రెండు ఉక్కు అంచులైనా ఉండాలని చెబుతుంది. అది కనీస హద్దు మాత్రమే. ఎలుగు కోసం వెళ్లేవాళ్లు చాలామంది అంతకన్నా బరువైన విల్లే పడతారు.

అర సెకనులో ఏం జరుగుతుంది

విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ ఆట చూసినవారికి కాంపౌండ్ విల్లు కొత్త కాదు. రెండు కొసల్లో చక్రాలు, వాటి మీద తిరిగే తాళ్లు. పూర్తిగా లాగాక చేతి మీద బరువు చాలావరకు తగ్గిపోతుంది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఆమె మూడు స్వర్ణాలు గెలిచింది. వ్యక్తిగత ఫైనల్‌లో 15 బాణాలకు 149 పాయింట్లు సాధించింది. 50 మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం వ్యాసం 8 సెంటీమీటర్లే. ఈ లెక్కన ఎలుగు ఊపిరితిత్తులు ఎంత పెద్ద గురి! మరి అమెరికా వేటగాళ్లు 20, 25 మీటర్లు దాటితే వద్దని ఎందుకంటారు?

మైదానంలో టార్గెట్ కదలదు. దూరం ముందే తెలుసు. మధ్యలో కొమ్మ ఉండదు. అడవిలో ఇవేవీ కుదరవు. బాణం వేగం సెకనుకు 85 మీటర్లు అనుకుందాం. 20 మీటర్లు పోవడానికి దానికి దాదాపు పావు సెకను, 40 మీటర్లకు దాదాపు అర సెకను పడుతుంది. గంటకు నాలుగు కిలోమీటర్ల మామూలు నడకలో ఉన్న ఎలుగు పావు సెకనులో 28 సెంటీమీటర్లు, అర సెకనులో 56 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. ఊపిరితిత్తుల మీద పెట్టిన గురి పొట్టలో దిగడానికి ఆ మాత్రం చాలు. పైగా అల్లెతాడు చప్పుడు బాణం కన్నా నాలుగు రెట్లు వేగంగా చేరుతుంది. ఈలకు వచ్చిన ఎలుగు ముందే అప్రమత్తంగా ఉంటుంది, చప్పుడు విని ఉలిక్కిపడుతుంది. అందుకే నడుస్తున్న ఎలుగును నోటితో చిన్న శబ్దం చేసి ఆపి, నిలబడ్డాకే బాణం వదలాలి. నిలబడకపోతే వదలకూడదు.

ఈ చిక్కుకు విలుకాళ్లు కనిపెట్టిన మంచి ఉపాయం ఇద్దరు కలిసి వెళ్లడం. ఈల ఊదే మనిషి వెనక ఇరవై ముప్పై గజాల దూరంలో దాక్కుంటాడు. విలుకాడు ముందు, కొంచెం పక్కకు, గాలి వాటం చూసుకుని మాటు వేస్తాడు. ఎలుగు దృష్టి ఈల మీద ఉంటుంది కాబట్టి విలుకాడి ముందునుంచి పక్కవాటుగా దాటిపోతుంది. ఈల ఆగితే ఎలుగుకు ఆసక్తి పోతుంది, అందుకే ఊదే మనిషి అరగంటైనా ముప్పావుగంటైనా దాదాపు ఆపకుండా ఊదాలి. ఊదుతూ విల్లు పట్టుకోవడం ఒక్కరికి కష్టం. తిండి కోసం వస్తున్న ఎలుగు ముందు ఒక్కడే కూర్చోవడం ప్రమాదం కూడా. ఎలుగును తరిమే కారపు స్ప్రే ఇద్దరి దగ్గరా ఉండటం మంచిది.

చప్పుడు విని వేయకూడదు

దశరథుడి కథ తెలియని తెలుగువారు ఉండరు. చీకట్లో నీళ్ల చప్పుడు విని, ఏనుగు తాగుతోందనుకుని శబ్దభేది బాణం వేశాడు. తగిలింది తల్లిదండ్రుల కోసం కుండ ముంచుతున్న కుర్రాడికి. ఆ బాణం చక్కగా గురికే తగిలింది. చూడకుండా వేయడమే దోషం. ఈల ఊదే చోట పొదలు కదులుతాయి, కొమ్మలు విరుగుతాయి, చీకటి పడే వేళ నల్లని ఆకారం కనిపిస్తుంది. వచ్చింది ఎలుగేనా, మరో వేటగాడా? ఎలుగే అయితే వెనక పిల్లలున్నాయా?

ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. ఆడ నల్ల ఎలుగు మూడు నుంచి అయిదేళ్ల వయసులో గానీ ఈనదు. ఆపైన సాధారణంగా రెండేళ్లకోసారే ఈనుతుంది. పిల్లలు ఏడాదిన్నర దాకా తల్లిని విడవవు. ఒక్క తల్లి పోతే మూడు ప్రాణాలు పోవచ్చు. పిల్లలున్న తల్లిని చంపడం అరిజోనాలో నేరం. ఈలకు తల్లి ముందు వస్తుంది, పిల్లలు ఎక్కడో వెనక చెట్టెక్కి ఉంటాయి. ఎలుగు కనపడగానే కొట్టేవాడికి ఆ సంగతి తెలియదు. దగ్గరికి వచ్చాక కూడా కొన్ని నిమిషాలు ఊరికే చూడగలిగినవాడే చట్టాన్ని పాటించగలడు. అరిజోనా మరో ఏర్పాటూ చేసింది. ఒక్కో ప్రాంతంలో ఎన్ని ఆడ ఎలుగులు చనిపోతే సీజన్ మూసేయాలో ముందే లెక్క కడుతుంది. వేటకు బయల్దేరే ముందు ఆ ప్రాంతం ఇంకా తెరిచే ఉందో లేదో ఫోన్ చేసి తెలుసుకోవడం వేటగాడి బాధ్యత.

బాణం తగిలాక కూడా ఓపికే కావాలి. ఎక్కడ నిలబడి ఉండగా తగిలింది, ఏ చెట్టు పక్కన చివరిసారి కనిపించింది గుర్తుపెట్టుకుని, కనీసం అరగంట కదలకుండా కూర్చోవాలి. పొట్టలో తగిలిందనిపిస్తే గంటల తరబడి ఆగాలి. వెంటపడితే ఎలుగు లేచి ఇంకా దూరం పోతుంది, లేదా పొదల్లోంచి తిరగబడుతుంది. ఇన్ని జాగ్రత్తల తర్వాతా కొన్ని జంతువులు గాయంతో తప్పించుకుంటాయి. విలువేటను వ్యతిరేకించేవారు ఎత్తిచూపేది దీన్నే. వారి మాటలో బలముంది. తిండికి వేరే దారి ఉన్న మనిషి ఒక జంతువుకు ఈ ప్రమాదం తెచ్చిపెట్టినప్పుడు, అనుమానం ఉన్న ప్రతి బాణాన్నీ ఆపుకోవడం అతను తీర్చాల్సిన కనీస బాకీ.

మన దగ్గర చట్టం, మన దగ్గర గురి

భారతదేశంలో ఈ వేట ఏ రూపంలోనూ కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. మన ఎలుగు మొదటి షెడ్యూల్‌లో ఉంది, దాన్ని చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. నల్లమల చెంచులు తరతరాలుగా పట్టిన విల్లంబులకు కూడా వేటలో ఇప్పుడు చోటు లేదు. అదే చట్టం 65వ సెక్షన్‌లో నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగలకు 1967 నోటిఫికేషన్ ఇచ్చిన వేట హక్కుల జోలికి మాత్రం పోలేదు. అండమాన్‌లో 1956 నాటి ఆదివాసీ రక్షణ నిబంధనలు జారవాల అడవిలోకి బయటివారు అడుగుపెట్టకుండా ఆపుతున్నాయి. ఆ హద్దు దాటి దొంగచాటుగా పందులను కొట్టేవాళ్లు జారవాల తిండికే ఎసరు పెడుతున్నారు. చప్పుడు కాకుండా పందిని సమీపించే ఆ విలుకాళ్లకు అడవిలో పందులుంటేనే ఆ విద్య మిగులుతుంది.

ఎలుగు మీద గురి పెట్టాల్సిన అవసరం మన ప్రాంతంలోనూ వస్తుంది, చంపడానికి కాదు, కాపాడటానికి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడి, పనస తోటల్లోకి ఎలుగులు దిగడం అక్కడివారికి అలవాటైన భయం. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఒక ఎలుగు దాడిలో ఒకరు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. అటవీ శాఖ మత్తు ఇచ్చి దాన్ని పట్టుకుంది. విశాఖ జూకు తరలిస్తుండగా అది చనిపోయింది.

మత్తు సూదిని దూరం నుంచి తుపాకీతో కొట్టేవారికీ విలుకాడి పాఠాలే వర్తిస్తాయి. సూది తొడ కండలోనో, జబ్బ కండలోనో దిగాలి. రొమ్ముకు, పొట్టకు, తలకు తగిలితే ప్రాణం పోవచ్చు. కొవ్వులో దిగితే మందు ఎక్కదు. ఎదురుగా పరుగెత్తుకొస్తున్న ఎలుగు మీద ఆ సూది సరిగ్గా కొట్టడం దాదాపు అసాధ్యం. తగిలాక కూడా మందు పనిచేయడానికి నిమిషాలు పడుతుంది, ఈలోగా అది బావిలో పడకూడదు, జనంలోకి పోకూడదు, ఎండకు ఒళ్లు వేడెక్కకూడదు. చుట్టూ వందల మంది కేకలు వేస్తూ, రాళ్లు విసురుతూ, ఫోన్లలో వీడియో తీస్తూ ఉంటే ఎలుగు ఒక్క క్షణం కూడా పక్కవాటుగా నిలబడదు. కిడిసింగి నుంచి విశాఖకు దూరం నూట యాభై కిలోమీటర్ల పైమాటే. జీడిపండ్లు పండే కాలానికి ముందే శిక్షణ పొందిన పశువైద్యుడు, గురి తప్పని షూటర్, బోను, జనాన్ని దూరంగా ఉంచే పోలీసు బందోబస్తు ఉద్దానానికి దగ్గరున్న పలాసలోనే సిద్ధంగా ఉండాలి. అటవీ శాఖను ఉద్దానం రైతులు అడగాల్సింది ఇదే, రోడ్డు మీదికి ఎలుగు వచ్చాక కాదు, ఇప్పుడే.